రీసెర్చ్ రకం

మా కుటుంబం వాట్సాప్ గ్రూపులో ఆ శనివారం మధ్యాహ్నం నేను పెట్టిన సందేశంలో ఒకటే మాట ఉంది: "పనిచేసింది". దాని వెనక మూడు ఆశ్చర్యార్థకాలు. నా చదువు మొత్తంలో వివరాలు లేకుండా రాసిన ఫలితం అదొక్కటే. ఎక్కువ నష్టం చేసిందీ అదే.

పనిచేసింది ఏమిటో ఇక్కడైనా సరిగ్గా చెప్తాను. నేను హైదరాబాద్‌లో ఒక ప్రయోగశాలలో పరిశోధక విద్యార్థిగా పనిచేస్తున్నాను. పార్కిన్సన్స్ జబ్బులో మెదడులో డోపమిన్ తయారుచేసే కణాలు మెల్లమెల్లగా చచ్చిపోతుంటాయి. డోపమిన్ తగ్గేకొద్దీ చెయ్యి వణుకుతుంది, ఒళ్లు బిగుసుకుంటుంది, అడుగు చిన్నదవుతుంది. ఆ కణాల్లో ఒక ప్రొటీన్ ఉండలు కట్టడం ఇందుకు ఒక కారణమని శాస్త్రజ్ఞులు అనుకుంటున్నారు. ఆ ప్రొటీన్‌కు అతుక్కుని దాన్ని ఉండకట్టనివ్వకుండా చూసే పెప్టైడ్‌ను తయారుచేయడం మా పని. పెప్టైడ్ అంటే ప్రొటీన్‌లో చిన్న ముక్క, అమైనో ఆమ్లాల పొట్టి గొలుసు.

ఆ శనివారం నా ముందు అరచేతంత ప్లాస్టిక్ పళ్లెం ఉంది. దాని గుంతల్లో కణాలు పెరుగుతున్నాయి. ఒక వరుసకు ఏమీ వేయలేదు. ఒక వరుసకు విషం వేశాను. మూడో వరుసకు మా పెప్టైడ్ ఇచ్చి, తర్వాత విషం వేశాను. మూడో వరుసలో కణాలు రెండో వరుసలో కంటే ఎక్కువ బతికాయి. అలా జరగడం అది వరసగా మూడోసారి. అంతే. మనిషి లేడు, ఎలుక కూడా లేదు, ఉన్నదంతా పళ్లెంలోనే.

ఈ చివరి వాక్యం గ్రూపులో పెట్టలేదు.

కరీంనగర్ నుంచి మా అవ్వ, అంటే మా అమ్మ, ఒక దండం పెట్టింది. ఆదిలాబాద్ నుంచి మా మామ పదకొండు దండాలు పెట్టాడు. లెక్కపెట్టడం నా అలవాటు. ఆ పదకొండు చూసి నవ్వుకున్నాను గానీ, ఎందుకన్ని అని ఆలోచించలేదు.

మామ అంటే అవ్వకు తమ్ముడు. ఆదిలాబాద్‌లో పత్తి నుంచి గింజ వేరుచేసే ఒక జిన్నింగు మిల్లులో పత్తి చూసే మనిషి. బండి రాగానే కుప్పలో చెయ్యి పెట్టి, లోపలి నుంచి గుప్పెడు పత్తి తీస్తాడు. దాన్ని రెండు బొటనవేళ్ల మధ్య పట్టి లాగి, పింజను, అంటే దూది పోగులను, దువ్వినట్టు సాపుచేసి, పొడవెంతో చెప్తాడు. ఆ పొడవును బట్టే ధర. మిల్లులో దానికి మిషన్ కూడా ఉంది. మామ చెప్పింది మిషన్‌తో ఎప్పుడో ఒకసారి కలవకపోతే, మిల్లువాళ్లు మిషన్ బాగుచేసే మనిషిని పిలిపించేవారట. ఇది మామ చెప్పిన లెక్క, నేను సరిచూడలేదు. ఊరి పక్కన మూడెకరాల నల్లరేగడి చేను కూడా ఉంది, అందులోనూ పత్తే.

మూడేళ్ల కింద మామ కుడిచెయ్యి వణకడం మొదలైంది. కరీంనగర్ డాక్టరు చూసి పార్కిన్సన్స్ అన్నాడు. రోజుకు నాలుగు గోలీలు రాశాడు. వాటితో చెయ్యి మాట వింది, పని సాగింది. నేను ఈ పరిశోధనలో చేరింది అంతకు ఏడాది ముందే. మామ కోసమే ఈ చదువు ఎంచుకున్నానని చుట్టాలందరూ అనుకుంటారు. నేను ఎంచుకున్నది ఆ ప్రయోగశాలలో సీటు ఖాళీ ఉండబట్టి. ఈ సంగతి చాలాసార్లు చెప్పాను, ఎవరూ నమ్మలేదు.

మా పెప్టైడ్‌ను మామ ఒకసారి వీడియో కాల్‌లో చూశాడు. నీళ్లన్నీ తీసేసి ఆరబెట్టాక పెప్టైడ్ చిన్న గాజుసీసాలో తెల్లగా, తేలిగ్గా, అచ్చం దూదిలా ఉంటుంది. మూత తీస్తే ఎగిరిపోతుంది, అందుకే ఊపిరి బిగబట్టి తూకం వేస్తాం.

"జర దగ్గర పెట్టు," అన్నాడు మామ. సీసాను కెమెరాకు ఆనించాను. "రంగు మంచిగున్నది. చెత్త లేదు. పింజనే మరీ పొట్టిగున్నదిరా అల్లుడా."

"పొట్టిదే కావాలె మామా. పొడుగైతే పనిచేయది."

"పొట్టి పింజ కావాలన్నోన్ని నా జన్మల నిన్నే చూస్తున్న. మా సేటుకు చెప్పకు, నీకు పిల్లనియ్యరు."

అప్పట్లో అదొక సరదా. మామ మిల్లంతా తిరిగి, మా అల్లుడు గాజుసీసాలో పత్తి పండిస్తున్నాడని చెప్పుకున్నాడు.

నా సందేశం తర్వాత మూడో వారంలో నాలుగు రోజులు సెలవు దొరికింది. కరీంనగర్ వెళ్తే అవ్వ ఒక రోజు ఉండనిచ్చి, మామ దగ్గరికి పంపింది. "వాడు ఫోన్‌ల ఒక తీరుగ మాట్లాడుతుండు. మాట సన్నగైంది. ఏమైందో చూసిరా," అంది. సంచిలో పెట్టినవి: అరిసెలు రెండు డబ్బాలు, నువ్వుల ఉండలు ఒక డబ్బా, ఉన్ని మఫ్లరు, అత్తకు జాకెట్ గుడ్డ. జగిత్యాల, మెట్‌పల్లి, నిర్మల్ మీదుగా బస్సు సాగింది. నిర్మల్ ఘాట్లు ఎక్కగానే చలి మొదలైంది, మఫ్లరు నేనే చుట్టుకున్నాను.

బస్టాండు నుంచి నేరుగా మిల్లుకు పోయాను. పత్తి కొనుగోళ్లు జోరుగా ఉన్న రోజులు. గేటు బయట బండ్లు వరసగట్టి ఉన్నాయి. గాలిలో దూది తేలుతోంది. హమాలీలు సగం తెలుగు, సగం మరాఠీ కలిపి కేకలేస్తున్నారు. మామ కుప్ప పక్కన నిలబడి ఉన్నాడు. కుడిచెయ్యి స్వెట్టరు జేబులో ఉంది. నన్ను చూసి నవ్వాడు గానీ, ఆ నవ్వు ముఖమంతా పాకలేదు. ముఖం బిగుసుకుపోయి ఉంది. నా వైపు నడిచిన ఆరడుగుల దూరానికి పదకొండు అడుగులు వేశాడు.

"ఎప్పుడొచ్చినవ్‌రా? మఫ్లరు నాదేనా?"

"నీదే. చెయ్యెందుకు జేబుల పెట్టినవ్?"

"సలి."

అంతలో ఒక బండి ఖాళీ అయింది. మామ జేబులోంచి చెయ్యి తీసి గుప్పెడు పత్తి అందుకున్నాడు. రెండు చేతుల మధ్య లాగబోతే వేళ్లు గడగడలాడి పింజ చిక్కుపడింది. మళ్లీ తీశాడు. మళ్లీ చిక్కుపడింది. బండివాడు చూస్తున్నాడు. మామ మూడోది తీయకుండా కంటితోనే చూసి పొడవు చెప్పేశాడు. పక్కనున్న ముసలి హమాలీ నా వైపు తిరిగి మెల్లగా అన్నాడు. "కాయ్ ఝాలా, ఏమైంది మీ మామకు? సేటు పదిరోజులు చూస్తా అన్నడు. చెయ్యి మంచిగ కాకపోతే కాంటా కాడ కూసోబెడ్తడట."

కాంటా అంటే బండ్లు తూచే చోటు. అక్కడ కూర్చుని చీటీలు రాయాలి. ముప్పై ఏళ్లుగా వేళ్లతో పత్తి చూసిన మనిషికి అదెలా ఉంటుందో నాకు ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

మధ్యాహ్నం ఇంట్లో అత్త జొన్నరొట్టె, పచ్చిపులుసు, పప్పు పెట్టింది. మామ రొట్టె తుంచడానికి తిప్పలు పడుతున్నాడు. గోలీల డబ్బా కిటికీలో ఉంది. మామూలుగా ఇంకొకరి మందుల డబ్బా నేను తెరవను. ఆ రోజు తెరిచాను. నెల మొదట కొన్నవి నూట ఇరవై, చీటీ డబ్బాలోనే ఉంది. ఆ రోజుకు ఇరవై నాలుగు మిగలాలి. డెబ్బై ఎనిమిది ఉన్నాయి. అంటే యాభై నాలుగు ఎక్కువ.

"మామా, రోజుకు ఎన్ని ఏసుకుంటున్నవ్?"

"పొద్దుగాల ఒకటి."

"మిగిలిన మూడు?"

మామ పచ్చిపులుసు గిన్నె ఎత్తి తాగసాగాడు. అత్త అందుకుంది. "ఆపిండు. అడిగితే నీకేం తెల్వదంటడు. అల్లుడే చెప్పిండట."

"నేనెప్పుడు చెప్పిన!"

యాభై నాలుగును మూడుతో భాగిస్తే పద్దెనిమిది. పద్దెనిమిది రోజులు వెనక్కి లెక్కపెట్టాను. ఆదివారం వచ్చింది. నేను సందేశం పెట్టిన శనివారానికి మర్నాడు.

"పనిచేసింది అని పెట్టినవ్ గదరా గ్రూపుల," అన్నాడు మామ, ఇంకేం సాక్ష్యం కావాలన్నట్టు. "నీ మందు రీసెర్చ్‌ది. గిది మామూలుది. రీసెర్చ్‌ది వస్తుంటే మామూలుది ఎవడన్న ఏసుకుంటడా?"

అప్పుడు అర్థమైంది. పత్తి పండించే ఊళ్లలో రీసెర్చ్ అంటే నేను చేసే పని కాదు. విత్తనాల పాకెట్ల మీద ఆ మాట ఉంటుంది. "రీసెర్చ్ రకం" అంటే మామూలు రకం కంటే మేలైంది, కాయ ఎక్కువ కాసేది, ధర ఎక్కువుండేది. దుకాణంవాడు దాన్ని ముందు తెలిసినవాళ్లకు ఇచ్చి, తర్వాత మిగతావాళ్లకు ఇస్తాడు. నేను నాలుగేళ్లుగా ఫోన్‌లో "రీసెర్చ్‌ల ఉన్న మామా" అంటుంటే, మేలురకం దుకాణంలో ఉన్నానని మామ అనుకున్నాడు.

"సరే, వస్తది అనుకున్నవ్. మరి వచ్చేదాంక ఉన్నయి ఏసుకోవచ్చు గద?"

"ఎట్లేసుకుంట? కొత్త మందు కొట్టే ముందు పంపు కడుగుతమా లేదా? పాత మందు అడుగున ఉంటే కొత్తది ఎట్ల పట్టుద్ది? ఒళ్లు కడుక్కుంటున్న." మామ తన తెలివికి తానే కొంచెం మురిసినట్టు కనిపించాడు. "పొద్దుగాల్ది మాత్రం ఆపలే. అది లేకుంటే మంచం దిగరాదు."

పురుగుమందైనా, గోలీ అయినా మా దగ్గర మందే. అతని లెక్కలో ఎక్కడా తప్పు లేదు, మొదటి అంకె తప్ప. ఆ మొదటి అంకె నేను ఇచ్చిందే.

నేను కాగితం తీసి, చదివిన వాడు చేసే పనే చేశాను. రాసి చదివాను. ఒకటి, మా పెప్టైడ్‌ను ఇప్పటిదాకా కణాల మీదే చూశాం. రెండు, తర్వాత ఎలుకల మీద చూడాలి. మూడు, రక్తంలో అది ముక్కలైపోకుండా నిలుస్తుందో లేదో తెలియదు. నాలుగు, రక్తంలోంచి మెదడులోకి పోయే దారిలో ఒక కాపలా ఉంటుంది, అది దాటుతుందో లేదో తెలియదు. ఐదు, ఇవన్నీ దాటినా మనుషుల మీద పరీక్షలకు ఏళ్లు పడుతుంది. ఆరు, చివరికి మందు కాకపోనూ వచ్చు.

మామ ప్రతిదానికీ తలూపాడు.

"మొదలు గట్లనే అంటరు. మొన్న ఇత్తుల దుకాణపోడు గూడ, స్టాకు లేదు, ఎప్పుడొస్తదో తెల్వదన్నడు. ఇంటికి పోయి అడిగితే మంచం కిందికెళ్లి తీసిచ్చిండు."

"నా మంచం కింద ఏం లేదు మామా!"

"సీసా సూపెట్టినవ్ గద?"

"గా సీసల ఉన్నది చీమ గూడ మింగదు!"

"చీమకెందుకు, నాకియ్యి."

అత్త పొయ్యి దగ్గర్నుంచి నవ్వు ఆపుకోలేకపోయింది. నాకు కోపం రావాల్సింది, నాకూ నవ్వొచ్చింది. కానీ నవ్వుతుంటే మామ కుడిచెయ్యి కంచం అంచు మీద టకటకమంటూనే ఉంది. ఆ చప్పుడు ఎక్కువసేపు వినలేకపోయాను.

"మామా, తప్పు నాది," అన్నాను. "పళ్లెంల పనిచేసింది అని రాయాలె. పనిచేసింది అని రాసిన. మీరందరు మెచ్చుకుంటరని రాసిన. నా దగ్గర మందు లేదు. పదేండ్లకైనా ఉంటదని చెప్పలేను."

మామ మొదటిసారి నా ముఖంలోకి సరిగ్గా చూశాడు. అబద్ధం చెప్తున్నానా అని కాదు, నిజం చెప్తున్నానని భయపడి చూస్తున్నట్టుంది. నవ్వు పోయింది.

అత్త చేతులు కడుక్కుని వచ్చి మామ ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది.

"ఏమయ్యా, ఒకటి అడుగుత చెప్పు. రీసెర్చ్ ఇత్తు వస్తదని చెప్పి, వచ్చేదాంక మూడెకరాలు పడావు పెట్టినవా ఎన్నడన్న?"

పడావు అంటే విత్తకుండా వదిలేసిన భూమి. మామకు ఆ మాట తిట్టుతో సమానం.

"నేనెందుకు పడావు పెడ్త?"

"మరి ఏం చేస్తవ్?"

"ఉన్న ఇత్తు పెడ్త. కొత్తది దొరికితే ఒడ్డు పొంటి రెండు సాల్లు పెట్టి చూస్త. కాస్తే మరుసటేడు..." అని ఆగిపోయాడు.

"ఆ," అంది అత్త. "చేనుకున్న తెలివి చేతికి లేకపాయె."

మామ చాలాసేపు తన చెయ్యి చూసుకున్నాడు. తర్వాత, "అల్లుడా, డబ్బా ఇటు తే," అన్నాడు.

నేను ఇవ్వలేదు. ఇన్ని రోజులు మానేసి, ఒక్కసారిగా నాలుగూ మొదలుపెట్టొచ్చో లేదో నాకు తెలియదు. తెలియనిదాన్ని తెలియదనడం ఆ పూటే కొత్తగా నేర్చుకున్నాను. డాక్టరుకు ఫోన్ చేస్తే మర్నాడు తీసుకురమ్మన్నాడు.

మర్నాడు పొద్దున్నే ముగ్గురం కరీంనగర్ బస్సెక్కాం. మామ కిటికీ పక్కన కూర్చుని, దారి పొడుగునా పత్తి చేలకు మార్కులు వేస్తూ వచ్చాడు. "గిది మందు ఎక్కువైంది. గిది నీళ్లు తక్కువైంది. గీయన ఎవరో తెలివైనోడు." మెట్‌పల్లి దాటాక పత్తి తగ్గి పసుపు కనబడేసరికి మార్కులు ఆపి నిద్రపోయాడు.

డాక్టరు మామను నడిపించి చూశాడు, వేళ్లు తట్టించి చూశాడు, చెయ్యి మడిచి చాపి చూశాడు.

"గోలీలు ఎందుకు ఆపారు?"

"రీసెర్చ్‌ది వస్తున్నదని సారు."

"ఎక్కడ్నించి?"

మామ నన్ను చూపించాడు. డాక్టరు నన్ను చూశాడు. నేను గోడ మీద మెదడు బొమ్మను చూశాను.

"నువ్వేం చేస్తావు బాబూ?"

చెప్పాను. ఏ ప్రొటీన్ మీద పని అని అడిగాడు. చెప్పాను. ఎలుకల దాకా వచ్చిందా అన్నాడు. రాలేదన్నాను. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ నవ్వు దాచుకున్నాడు. "మంచి పని. చెయ్యి. కానీ మందు అయ్యేదాకా ఇంట్లో చెప్పకు." తర్వాత మామ వైపు తిరిగి గట్టిగా మందలించాడు. ఈ గోలీలు ఇట్లా హఠాత్తుగా మానేస్తే ప్రాణం మీదికి వస్తుంది, పొద్దుటిది ఒకటి వేసుకోబట్టి బతికిపోయావు, అన్నాడు. కొద్దికొద్దిగా పెంచి మళ్లీ నాలుగుకు తెమ్మని రాసిచ్చాడు. తిండికి అరగంట ముందు వేసుకోవాలన్నాడు. పప్పు, గుడ్డు, పెరుగుతో కలిపి వేసుకుంటే గోలీ సరిగ్గా ఒంటబట్టదట.

"ఇగో," అంది అత్త. "రోజూ పప్పన్నంల నడుమ మింగేటోడు."

ఇన్నాళ్లూ మామకు మధ్యాహ్నం గోలీ ఎందుకు తక్కువ పనిచేసిందో అప్పుడు తెలిసింది. పప్పులో ఉన్నది ప్రొటీన్. నాలుగేళ్లుగా ప్రొటీన్ ముక్కలతో పనిచేస్తున్న నాకు, మామ కంచంలోని ప్రొటీన్ సంగతి అడగాలని తోచలేదు. వేళలన్నీ నేనే రాసి, అత్త ఫోన్‌లో అలారాలు పెట్టాను.

సేటు ఇచ్చిన పది రోజుల్లో అప్పటికి మూడే మిగిలాయి. అత్త వెళ్లి ఇంకో రెండు వారాలు అడిగింది. ఏం చెప్పి అడిగిందో నాకు చెప్పలేదు గానీ ఇచ్చారు.

నేను హైదరాబాద్ వచ్చి మా పెప్టైడ్‌ను రక్తం సీరంలో వేసి చూశాను. అది నా జాబితాలో మూడో అంశం. గంట నిలుస్తుందనుకున్నాం. కొన్ని నిమిషాల్లోనే ముక్కలైపోయింది. మళ్లీ చేశాను, మళ్లీ అంతే. అంటే గొలుసును మార్చి, రక్తంలో నిలిచేలా కొత్తది కట్టాలి. కనీసం ఏడాది పని.

ఈసారి గ్రూపులో పెట్టే ముందు సరిగ్గా రాయాలనుకున్నాను. ఏం చేశాం, ఏం జరిగింది, ఎందుకు జరిగింది, దాని అర్థం ఏమిటి, ఏది దాని అర్థం కాదు, తర్వాత ఏం చేస్తాం. ఆరు అంశాలు. కానీ మామకు ముందు నోటితోనే చెప్పాలనిపించింది. ఆశపడి ఒళ్లు కడుక్కున్న మనిషి, ఉన్న గోలీల మీద కూడా నమ్మకం పోగొట్టుకుంటాడేమోనని నా భయం. ఆయన కుప్ప దగ్గర ఉండే వేళ చూసి, పదకొండింటికి ఫోన్ చేశాను. వెనక మిల్లు హోరు, హమాలీల కేకలు.

"మామా, చెయ్యి ఎట్లున్నది?"

"చెయ్యి పనిల ఉన్నది. చెప్పు."

"మన పెప్టైడ్ సీరంల నిలువలేదు మామా. అంటే రక్తంల పోతే ముక్కలైతున్నది. ఒకటో సంగతి..."

"మొలక రాలే అంటవ్."

"అట్లనే అనుకో."

"రాకపోతే మల్ల పెట్టు. నేను పదిన్నర గోలీ ఏసుకున్న. ఓయ్, గా గుప్పెడు అడుగుకెళ్లి తియ్యి, పైది సూపెట్టకు నాకు! నీకు గాదురా అల్లుడా, బండాయనకు." కాసేపు ఫోన్‌లో ఆ హోరు మధ్య ఆయన ఊపిరి ఒక్కటే దగ్గరగా వినబడింది. పింజ లాగుతున్నాడని తెలిసింది. తర్వాత పొడవెంతో అంకె చెప్పాడు, నాకు కాదు, బండివాడికి. అవతల బండివాడు బేరం మొదలుపెట్టాడు.

"మామా, రెండో సంగతేందంటే..."

"నాలుగు బండ్లున్నయి లైన్ల. పొద్దుగూకినంక చెయ్యి," అని ఫోన్ పెట్టేశాడు.

నా కాగితంలో ఇంకా ఐదు అంశాలు మిగిలిపోయాయి.